ఆరు సిలిండర్ల హెన్రీ రాయిస్

కారు ఎక్కని వాడికి కూడా రోల్స్ రాయిస్ పేరు తెలుసు. ఎవరైనా కాస్త డాబు పోతే, ఏదో రోల్స్ రాయిస్‌లో దిగినట్టు మాట్లాడుతున్నాడని వెక్కిరిస్తాం. కాని ఆ జంట పేరులో రెండో మనిషి ఎవరో చాలామందికి తెలీదు. బడిలో ఆయన గడిపిన కాలమంతా కలిపినా ఏడాదికి మించదు. డిగ్రీల కోసం కుస్తీ పడుతున్న మనకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే సంగతే.

హెన్రీ రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండులో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రిది పిండిమర. అది దివాలా తీసింది. కుటుంబం లండన్ చేరింది. 1872లో తండ్రి పోయాడు. తొమ్మిదేళ్ళ కుర్రాడు పేపర్లు అమ్మాడు, పోస్టాఫీసు టెలిగ్రాములు ఇంటింటికీ మోశాడు. పదిహేనో ఏట మేనత్త డబ్బు కడితే పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరాడు. మూడేళ్ళకి ఆవిడ చేతిలో డబ్బు అయిపోయింది, అప్రెంటిసు చదువూ ఆగిపోయింది. అయితే లేతు మీద, ఆకురాయి మీద చెయ్యి కుదిరింది అక్కడే. రాత్రిళ్ళు కూచుని గణితం, విద్యుత్తు సొంతంగా నేర్చుకున్నాడు.

1884లో తను కూడబెట్టిన 20 పౌండ్లతో, మిత్రుడు క్లేర్‌మాంట్ తెచ్చిన 50 పౌండ్లతో మాంచెస్టర్‌లో కుక్ వీధిలో చిన్న షాపు పెట్టాడు. ఇళ్ళకు కరెంటు గంటలు, ఆ తర్వాత డైనమోలు, ఆపైన ఎలక్ట్రిక్ క్రేన్లు. సరుకు మంచిదని పేరొచ్చింది. కాని మనిషి తిండీ నిద్రా మరిచిపోయే రకం. పాలగ్లాసు పట్టుకుని ఒక కుర్రాడు షాపంతా ఆయన వెంట తిరిగేవాడని చెప్తారు. 1902 నాటికి ఒళ్ళు చెడింది. అదే సమయంలో చవక క్రేన్లు జర్మనీ నుంచీ అమెరికా నుంచీ దిగి వ్యాపారాన్ని దెబ్బకొట్టాయి.

ఆ రోజుల్లో కొన్నదే సెకండ్ హ్యాండ్ డెకావిల్, రెండు సిలిండర్ల ఫ్రెంచి కారు. అది ఉత్త డొక్కు బండి కనక రాయిస్‌కి ఒళ్ళు మండి సొంత కారు చేశాడని ఒక కథ ఉంది. నాకా కథ నచ్చదు. ఆ కాలానికి డెకావిల్ మంచి కారే. మంచిదని అందరూ అనుకున్న దాన్ని విప్పి, ఒక్కొక్క ముక్కా చూసి, ఇంతకన్నా బాగా చెయ్యొచ్చని తేల్చుకోవడమే రాయిస్ గొప్పతనం. 1904 ఏప్రిల్ 1న ఆయన మొదటి 10 హార్స్‌పవర్ కారు కుక్ వీధి నుంచి నట్స్‌ఫర్డ్‌లోని ఆయన ఇంటికి పదిహేను మైళ్ళు నడిచింది.

మరుసటి నెల, మే 4న, మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో చార్లెస్ రోల్స్ వచ్చి కలిశాడు. ఈయన లార్డుగారి అబ్బాయి, కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివాడు, లండన్‌లో ఫ్రెంచి కార్లు అమ్ముతున్నాడు. రెండు సిలిండర్ల బండి అంటేనే అతనికి పడదు. రాయిస్ బండి ఎక్కి దిగాక మాట మారింది. నువ్వు చెయ్యి, నేను అమ్ముతాను అన్న పద్ధతిలో ఆ డిసెంబర్‌లోనే ఒప్పందం రాసుకున్నారు.

అసలు కథ ఆరు సిలిండర్ల ఇంజనుది. ఆరు సిలిండర్ల ఇంజను రాయిస్ కనిపెట్టింది కాదు. హాలండులో స్పైకర్, ఇంగ్లండులో నేపియర్ ముందే చేశారు. దాని మీద మోజెందుకంటే, మన మెకానికల్ బ్రాంచి వాళ్ళకి తెలిసిందే, ఆరు పిస్టన్లు వరసలో ఉంటే క్రాంకు మూడోవంతు చుట్టు తిరిగినప్పుడల్లా ఒక పవర్ స్ట్రోకు వస్తుంది. పిస్టన్లు పైకీ కిందకీ పోయే బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాగితం మీద ఇంత నున్నని ఇంజను ఇంకోటి లేదు.

కాగితం మీద లేనిది షాఫ్టు పొడవు. పొడుగాటి క్రాంక్ షాఫ్టుని ఆరు పేలుళ్ళు తడిబట్ట పిండినట్టు మెలితిప్పుతుంటాయి. ఉయ్యాలని సరైన సమయంలో తోస్తే ఎలా ఎత్తుకి పోతుందో, ఒకానొక వేగం దగ్గర ఆ మెలిక అలా పెరిగిపోయి షాఫ్టు పుటుక్కుమంటుంది. రాయిస్ మొదటి ఆరు సిలిండర్ల 30 హార్స్‌పవర్ కారుకి జరిగిందదే. రెండేసి సిలిండర్ల దిమ్మెలు మూడు వరసగా పెట్టి ఇంజను కట్టాడు. పొడుగెక్కువ, షాఫ్టు సన్నం. డబ్బున్న ఆసాముల కార్లు రోడ్డు మీద నిలిచిపోతే కొత్త కంపెనీ గతేమిటి? నేపియర్ వాళ్ళనీ ఈ జబ్బు వదల్లేదు.

రాయిస్ మొదటికొచ్చాడు. 40/50 అనే కొత్త ఇంజనుకి మూడేసి సిలిండర్ల దిమ్మెలు రెండే పెట్టి పొడుగు తగ్గించాడు. షాఫ్టుని బాగా లావు చేసి ఏడు బేరింగుల మీద నిలబెట్టాడు. నూనె పంపు ఒత్తిడితో బోలు షాఫ్టు గుండా బేరింగులకు పోతుంది. తర్వాత షాఫ్టు ముందు కొసన, రాపిడితో మెలికని మింగేసే చిన్న చక్రం కూడా తగిలించారు. లాంచెస్టర్ అనే మరో మహానుభావుడు కూడా ఆ దారినే పోయి పేటెంటు తీసుకున్నాడు. 7,036 సీసీ ఇంజను 1,250 చుట్ల దగ్గర 48 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇవాళ లీటరు ఇంజను అంతకన్నా ఎక్కువిస్తుంది. కాని రాయిస్ చూసింది పరుగు పందెం కాదు. ఊళ్ళో టాప్ గేరులోనే నడకలా పోవాలి, ఊరు దాటాక గేరు ముట్టకుండా పరిగెత్తాలి, లోపల కూచున్నవాళ్ళ మాటకి ఇంజను అడ్డు రాకూడదు.

1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో దాన్ని పెట్టారు. మరుసటి ఏడు కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ వెండిరంగు వేయించి సిల్వర్ ఘోస్ట్ అన్న కారు లండన్-గ్లాస్గోల మధ్య తిరిగి తిరిగి 15,000 మైళ్ళు నడిచింది. దాంట్లో 14,371 మైళ్ళు, టైర్ల గొడవ తప్పిస్తే, ఒక్కసారీ దానంతటది ఆగలేదు. తర్వాత విప్పి చూసి, అరిగిన భాగాలు మార్చడానికి రెండు పౌండ్ల పైచిలుకు చాలన్నారు. 1911లో ఇంకో కారు లండన్ నుంచి ఎడింబరో దాకా పోయిరావడం టాప్ గేరులోనే. అదే కారు బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద గంటకి 78 మైళ్ళు అందుకుంది. మిగతా మోడళ్ళన్నీ ఆపేసి 1908 నుంచి ఈ ఒక్కదాన్నే డార్బీలో చేశారు. మన రాజావార్లకి ఊరేగింపులకు ఇంతకంటే ఏం కావాలి? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్, సింహాసనం లాంటి సీటుతో, హైదరాబాదు చౌమహల్లాలో ఉంది. 1911లో ఆయనే పోయారు గనక అది ఏడో నిజాంకి దక్కింది.

మంచిరోజులు వచ్చాయనుకునేసరికి 1910 జూలై 12న రోల్స్ విమానం కూలి చనిపోయాడు. ముప్ఫై రెండేళ్ళు. 1911లో రాయిస్ మంచం పట్టాడు. పెద్ద ఆపరేషను. కొద్ది నెలల మనిషేనన్నారు డాక్టర్లు. జాన్సన్ ఆయన్ని డార్బీ ఫ్యాక్టరీ దుమ్ముకు దూరంగా దక్షిణ ఫ్రాన్సు సముద్రతీరానికి తీసుకుపోయాడు. ఆ తర్వాత రాయిస్ ఫ్యాక్టరీలో పనిచెయ్యలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇంట్లో నుంచే గీశాడు. డ్రాయింగులు డార్బీకి పోయేవి, అక్కణ్ణుంచి ముక్కలు తిరిగి వచ్చేవి. భార్య దూరమైంది, నర్సు ఎథెల్ ఆబిన్ కనిపెట్టుకుని ఉంది. పనిపిచ్చికి ఆయన కట్టిన కిస్తీలివి. దాన్ని మెచ్చుకోవాలో జాలిపడాలో నాకు తెలీదు.

అలా మంచం దగ్గర గీసినవే ఈగిల్ విమాన ఇంజనూ, సొంతంగా నడుపుకునే వాళ్ళ కోసం 1922లో వచ్చిన 3,127 సీసీ చిన్న ఆరు సిలిండర్ల కారూ. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అట్లాంటిక్ దాటింది రెండు ఈగిల్ ఇంజన్ల మీదే. 1930లో బారనెట్ బిరుదు ఇచ్చారు. అప్పటికీ తనని తాను మెకానిక్కుననే చెప్పుకునేవాడు. 1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగులోని ఇంట్లో పోయాడు. తర్వాతి కాలంలో మెర్లిన్ అని పేరుపడ్డ ఇంజను ఆ అక్టోబరులో మొదటిసారి స్టార్టయింది. రాయిస్ అస్థికలు ఆల్వాల్టన్ చర్చిలో, తండ్రి మర తిప్పిన ఊళ్ళో ఉన్నాయి.