సాలార్ జంగు: పంచిపెట్టిన యధికారము

నైజాము రాజ్యపాలనకు క్రమమైన రూపమొసగిన మొదటి సాలార్ జంగు 1829వ సంవత్సరమున జన్మించెను. మీర్ తురాబ్ అలీ ఖాన్ ఆయన యసలు పేరు. 1853లో సిరాజుల్ ముల్కు మరణింపగా, ఇరువదినాలుగేండ్ల ప్రాయముననే దివాను పదవి ఆయనకు లభించెను. అది పదవి యనుటకంటె భారమనుట యుచితము. బీరారు ఆ యేటనే ఆంగ్లేయుల పాలనలోనికి పోయెను. బొక్కసము రిక్తమై యుండెను. అనేక తాలూకాలు అప్పులకు తాకట్టుగా సాహుకారుల చేతను, అరబ్బు జమేదారుల చేతను చిక్కియుండెను. తక్కినచోట్ల శిస్తు వసూలు గుత్తదారుల పాలాయెను.

ఆయన గుత్తలను క్రమముగా తొలగించి, జీతము గైకొను తాలూకుదారులను నియమించెను. 1865లో జిల్లాబందీ గావించెను. రాజ్యము జిల్లాలుగను, జిల్లాలు తాలూకాలుగను ఏర్పడెను. నేడు బొగ్గుగనుల నడుమ నున్న కమాన్‌పూర్ ప్రాంతము నాటి ఎలగందల జిల్లాలోనిది. 1868లో న్యాయము, రెవెన్యూ, పోలీసు, ఇతర వ్యవహారములు అను నాలుగు శాఖలకు నలుగురు సదరుల్ మహాములను నియమించెను. వారిపై దివాను ఉండెను.

1857లో ఆయన ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. హైదరాబాదు రెసిడెన్సీపై దండెత్తిన తుర్రేబాజ్ ఖానుకు దివాను సాయము లేకపోయెను. దేశాభిమానులు దీనిని మరువజాలరు. 1869లో బాలుడగు మహబూబ్ అలీ ఖాన్ గద్దెకు రాగా, షంసుల్ ఉమరాతో గూడి రాజప్రతినిధిగా పాలించెను. బీరారును తిరిగి పొందవలెనని 1876లో ఇంగ్లండు వెళ్ళెను గాని కార్యము ఫలింపలేదు. 1883 ఫిబ్రవరిలో కలరా సోకి మరణించెను.

ఆయన పంచిన యధికారము ఎట్టిది? అమెరికాలో శాఖాధిపతులు సెనేటు సమ్మతితో అధ్యక్షునిచే నియమింపబడి, ఆయనకే లోబడి పనిచేయుదురు. సదరుల్ మహాములును అట్లే దివానుకు లోబడినవారు. ఇంతవరకే పోలిక. అమెరికా యధ్యక్షుని ప్రజలెన్నుకొందురు. ఆయన కోరిన ధనమును కాంగ్రెసు మంజూరు చేయవలెను. దివానును నియమించువాడు నిజాము. ఆయనను ప్రశ్నించు సభ లేదు. అచ్చటి రాష్ట్రముల యధికారము రాజ్యాంగము వలన గలిగినది గాన, దానిని అధ్యక్షుడు తన యిచ్ఛచే హరింపజాలడు. ఇచ్చటి జిల్లా యధికారము దివాను దయ వలన గలిగినది. ఇచ్చినవాడే మరల గైకొనగలడు. పనిని పంచుట వేరు, హక్కును పంచుట వేరు. సాలార్ జంగు మొదటిదానిని సమర్థతతో నెరవేర్చెను. రెండవదాని జోలికి పోలేదు.

రెండవది 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగముచే సిద్ధించినది. మన మంత్రులు రాష్ట్రపతికి గాక లోక్‌సభకు సమష్టిగా బాధ్యులు. రాష్ట్ర మంత్రులు శాసనసభకు బాధ్యులు. గనులలో కార్మికుల క్షేమము కేంద్ర జాబితాలోనిది. భూమి, పోలీసు రాష్ట్ర జాబితాలోనివి. సింగరేణి సంస్థలోనే తెలంగాణకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము భాగము కలదు. కావున గని ప్రమాదమునకు ఎవరిని నిలదీయవలెనో, భూమి తగవునకు ఎవరి తలుపు తట్టవలెనో కమాన్‌పూర్ పౌరుడు తెలిసికొనవలెను. దివాను కాలమున ఆయన తాత ముత్తాతలకు అర్జీ పెట్టుకొనుటయే గతి. నేడు ఆయన చేత ఓటు కలదు. అధికారపు హద్దులెరుగని వాని ఓటు మాత్రము అర్జీతో సమానమే యగును.