వార్టన్ పేరు వెనుక మనిషి

బిజినెస్ మాస్టర్స్‌కు అప్లై చేస్తున్న మా అన్నయ్య కూతురు, ఇంత అప్పు చేసి చదివితే ఉద్యోగం వస్తుందా బాబాయ్ అని అడిగింది. నాకు జోసెఫ్ వార్టన్ గుర్తొచ్చారు.

1826లో ఫిలడెల్ఫియాలో, క్వేకర్ల ఇంట పుట్టిన ఆయన కాలేజీ డిగ్రీ చదవలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఓ అకౌంటెంట్ దగ్గర చేరి రెండేళ్లు పద్దులు రాయడం నేర్చుకున్నారు. ఆ తర్వాత బెత్లెహెమ్‌లో జింక్, కామ్డెన్‌లో నికెల్ తయారు చేయించి బాగా సంపాదించారు.

పరిశ్రమలు పెద్దవయ్యాక కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే తీరిక యజమానులకు ఎక్కడిది? కాలేజీలేమో గ్రీకు, లాటిన్ చెబుతున్నాయి. అందుకే 1881లో లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో స్కూల్ పెట్టించారు. పద్దులు, పన్నులు, కరెన్సీ, వాణిజ్య చట్టం.. ఏమేం చెప్పాలో తానే రాసిచ్చారు. విదేశీ సరుకుపై సుంకాలు ఉండాలనే బోధించాలని షరతు కూడా పెట్టారు. ఆ సుంకాలతో ఆయన నికెల్‌కూ లాభమే మరి! సిలబస్ ఎవరి అవసరం కోసమన్న పేచీ అప్పటిదే. 1909లో కన్నుమూశారు.

నేను ఇక్కడ ఎంబీఏ చేసి ఇంటర్వ్యూకెళ్తే ఎస్‌క్యూఎల్ అడిగారు. క్లాసులో ఆ మాటే వినలేదు. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను. అందుకే మా అమ్మాయిని ర్యాంకులు పక్కనపెట్టి, నిరుటి బ్యాచ్‌లో ఎంతమంది ఏ ఉద్యోగాల్లో చేరారో చెప్పమని కాలేజీకి మెయిల్ పెట్టమన్నాను. పెట్టి పది రోజులైంది, ఇంకా జవాబు రాలేదు.