కాటన్ దొర వేషం కట్టాను

మన కాలేజీ వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయం పోటీ అనగానే స్టేజి వెనక నలుగురు దుర్యోధనులు కనిపిస్తారు. అట్టగద ఒక్కటే కాబట్టి దిగినవాడు ఎక్కేవాడి చేతికిచ్చి పోతాడు. ఒక గిరీశం, ఒక అల్లూరి సీతారామరాజు కూడా తప్పకుండా ఉంటారు. కిందటేడు నేను పేరివ్వడానికి వెళితే, పాత్ర ఏమిటని అడిగాడు రాసుకుంటున్న సీనియర్. సర్ ఆర్థర్ కాటన్ అన్నాను. ఆయన కలం ఆపి నా మొహం చూశాడు. కాటన్ దొరకి పద్యాలున్నాయా అన్నాడు. లేవన్నాను. మరి పది నిమిషాలు ఏం చేస్తావన్నాడు. అది అప్పటికి నాకూ తెలీదు.

నేను ఫిజిక్స్ విద్యార్థిని. మాది కోనసీమలో వ్యవసాయ కుటుంబం. మా ఊరి సెంటర్లో గుర్రం మీద కాటన్ విగ్రహం ఉంది. చిన్నప్పట్నించి ఆ విగ్రహం అరుగు మీద కూర్చుని బస్సు కోసం చూసినవాణ్ణే గాని ఆయన ఎవరో, ఏం చేశాడో సరిగ్గా తెలుసుకున్నది ఈ వేషం పుణ్యమా అనే.

లైబ్రరీలో కూర్చుని ముందు జీవితం రాసుకున్నాను. ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రికి పదో కొడుకు. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీవారి అడిస్కాంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1821లో ఇంజనీరుగా మద్రాసుకు వచ్చాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. అంటే మన ఇంటర్ కుర్రాళ్ల వయసన్నమాట. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. తరవాత ఆయన్ని కావేరి డెల్టా పనుల మీద వేశారు.

అక్కడే ఆయన అసలు చదువు మొదలైంది. తంజావూరు ప్రాంతంలో కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే పాత ఆనకట్ట ఉంది, కల్లణై. కింద రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. అలాంటి చోట వందల ఏళ్లుగా ఆ కట్టడం నిలబడి ఉంది. రాళ్లు వేస్తే ఇసుకలోకి దిగుతాయి, మళ్లీ వేస్తే మళ్లీ దిగుతాయి, ఒకనాటికి ఇక దిగవు. ఇసుకలో పునాది వేసే విద్య ఈ దేశపు పాత కట్టడాల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ దాపరికం లేకుండా రాసుకున్నాడు. పాలించడానికి వచ్చిన జాతివాడు ఆ మాట ఒప్పుకోవడం నాకు గొప్పగా తోచింది. ఆ పాఠంతోనే 1836–38 మధ్య కొల్లడం నది మీద ఎగువ, దిగువ ఆనకట్టలు కట్టాడు. ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్లి, 1841లో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను పెళ్లి చేసుకుని తిరిగొచ్చాడు.

అప్పటికి మన గోదావరి సీమ స్థితి చూడండి. 1832–33లో నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు సీమలోనే 5 లక్షల జనంలో సుమారు 2 లక్షల మంది పోయారని లెక్కలు చెబుతున్నాయి. 1839లో తుపాను, ఉప్పెన వచ్చి కోరంగిని ముంచేశాయి. 1821కీ 1841కీ మధ్య రాజమండ్రి జిల్లా జనాభా పెరగకపోగా తగ్గింది. పక్కన గోదావరి నిండుగా పారుతోంది, పొలంలో చుక్క లేదు. వరదొస్తే మునక, లేకపోతే ఎండు. ఆ పరిస్థితి చూసి కాటన్ 1844లోనూ ఆ తరవాతా ప్రభుత్వానికి నివేదికలు పంపాడు. అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక మాట చెప్పాలి. ఆనకట్ట అంటే నీళ్లు నిలవచేసే రిజర్వాయరు అనుకునేవాణ్ణి. కాదు. అది నదికి అడ్డంగా వేసిన గడప. నీటిమట్టాన్ని సుమారు 12 అడుగులు లేపితే చాలు, నీరు పక్కనున్న కాలువ తలుపుల్లోకి తనంతట తానే వెళుతుంది. డెల్టాలో నది ఒడ్డు ఎత్తుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ నేల వాలుతుంది. కాలువను ఆ ఎత్తు మీదుగా నడిపిస్తే రెండు పక్కలా పొలాలకు నీరు దిగుతుంది. మోటారు లేదు, ఇంజను లేదు, భూమ్యాకర్షణే కూలి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలు, మధ్యలో లంకలు. నాలుగు కట్టలూ కలిపితే సుమారు 12 వేల అడుగులు. రాయి ధవళేశ్వరం కొండది. కొండ నుంచి ఏటి దాకా ఇనప పట్టాలు వేసి బళ్ల మీద తోలారు.

ఇదంతా వరసగా రాసి, పుట్టుక దగ్గర్నించి ముగింపు దాకా ఒక ఉపన్యాసం తయారుచేశాను. సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్లి మా తాతకు వినిపించాను. తాత చదువుకోలేదు. అరుగు మీద చుట్ట కాలుస్తూ మొత్తం విన్నాడు. చివర్న ఒక్కటే అడిగాడు. ఇదంతా ఆ దొర ఎవరితో చెబుతున్నాడ్రా అని. నాకు జవాబు తోచలేదు. తను ఫలానా తారీఖున పుట్టానని ఎవడైనా ఎవరికైనా ఎందుకు చెబుతాడు? దుర్యోధనుడికి ఎదురుగా మయసభ ఉంది. నా కాటన్‌కు ఎదురుగా ఏమీ లేదు.

తాత అంతటితో వదల్లేదు. మాది కాలువ శివారు భూమి. సార్వాకి నీళ్లొస్తాయి గాని దాళ్వాకి వంతుల వారీ. మన వంతు వచ్చేసరికి బోదెలో బురద మిగులుతుంది. మా నాన్న రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా పడుకోవడం, లస్కరుతో తగవు పడడం నేను చూస్తూ పెరిగాను. ఆ దొరకి శివారు సంగతి తెలుసేమో కనుక్కో అన్నాడు తాత. అలాగని ఆయనకి దొర మీద కోపం లేదు. విగ్రహం దాటేటప్పుడు తలపాగా తీస్తాడు. మా వైపు పెద్దలు కొందరు గోదావరి స్నానంలో కాటన్‌ను కూడా తలుచుకునేవారని చెబుతారు. దణ్ణమూ తగవూ రెండూ ఆయనకి ఒక్క కాలవలోనే ఉన్నాయి.

హాస్టలుకు తిరిగొచ్చాక రూమ్మేటు ఇంకో పేచీ పెట్టాడు. తెల్లదొరని పొగుడుతావేమిట్రా, కాలువలు తవ్వింది శిస్తు పెంచుకోడానికి కాదా అన్నాడు. ఇది తోసెయ్యగలిగిన మాట కాదు. కాటన్ నివేదికల్లో కరువు బాధ ఎంత ఉందో, నీరిస్తే కంపెనీకి వచ్చే రాబడి లెక్కా అంత ఉంది. ఆ లెక్క చూపకపోతే మద్రాసులో దస్త్రం కదిలేదు కాదు. ఆయన మనసులో ఏది ముందో తేల్చడానికి నేనెవర్ని? రెండూ ఆయన చేతిలోనే పెట్టాలని నిశ్చయించుకున్నాను.

మరి ఏ ఘట్టం? 1848 దొరికింది. పని సాగుతుండగా కాటన్ జబ్బుపడ్డాడు. సెలవు పెట్టి మళ్లీ ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. పని కెప్టెన్ ఆర్ చేతిలో పెట్టి వెళ్లాడు, తిరిగి 1850లో గాని రాలేదు. సగం కట్టిన గోడ ఏట్లో ఉంది, వరద వస్తుంది, తను ఉండడు. ఆనకట్ట 1852లో పూర్తవుతుందని హాల్లో కూర్చున్న మనకి తెలుసు, స్టేజి మీద ఉన్న ఆయనకి తెలీదు. నాకు కావలసింది ఆ తెలియకపోవడమే. విక్టోరియా రాణి సర్ బిరుదు ఇస్తుందనీ (అది 1861లో), మన ఊళ్లలో విగ్రహాలు లేస్తాయనీ ఆ మనిషికి తెలియకూడదు. శివారు రైతుకి క్షమాపణ చెప్పించాలని నాకు ఎంతో ఆశగా ఉండేది, రెండుసార్లు రాశాను కూడా. కాని అది కాటన్ మాట కాదు, మా ఇంటి మాట. కొట్టేశాను.

ఎవరితో మాట్లాడుతున్నాడన్న ప్రశ్నకి జవాబు వీణెం వీరన్న. ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, వేలాది కూలీలను సమకూర్చి నడిపించిన తెలుగు ఇంజనీరు, తరవాత రాయ్ బహదూర్ బిరుదు పొందినవాడు. స్టేజి మీద ఒక ఖాళీ కుర్చీ వేసి, దాన్ని వీరన్న అనుకున్నాను. సెలవు పుచ్చుకోడానికి వచ్చిన దొర పనులు అప్పగించి పోవాలి. సున్నం ఎక్కడ, బళ్లెన్ని, కొండ మీద పేలుడులో దెబ్బతిన్న కూలీ ఇంటికి ఎవరు వెళ్లారు ఇవే మాటలు. ఆ మాటలు నా కల్పనే, చరిత్ర అని భ్రమపడవద్దు. కాని ఆ కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు కనక, దొర పేర్లు గుర్తుచేసుకోబోయి ఆగిపోయినట్టు ఒక చోట పెట్టాను.

భాష పెద్ద చిక్కు. మన నాటకాల్లో దొర అనగానే టుమ్ టామ్ అని వంకర తెలుగు మాట్లాడిస్తాం, హాలు నవ్వుతుంది. మొదటి రిహార్సల్లో నేనూ అదే చేశాను. కుర్రాళ్లు పడిపడి నవ్వారు. మా తెలుగు లెక్చరర్‌గారు మాత్రం నవ్వలేదు. నవ్వించాక ఏడిపించగలవా అని అడిగారు. తిన్నని తెలుగే మాట్లాడాను, మాటకీ మాటకీ మధ్య కొంచెం ఎక్కువ ఆగుతూ.

వేషం సంగతి సరే, పాత టోపీ, కాలేజీ ఎన్.సి.సి. బూట్లు, మొహానికి కాస్త పౌడరు. మైకు ముందు నిలబడ్డాను. అయిదో నిమిషంలో మాట మరిచిపోయాను. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపో తెలీదు. వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు, పక్కవాడు ఊరుకోబెట్టాడు. ఆ నిశ్శబ్దంలో నాకు తూము దగ్గర టార్చిలైటుతో కూర్చున్న మా నాన్న గుర్తొచ్చాడు. నీళ్లొస్తాయో రావో తెలీకుండా చూసే చూపు అది. మాట అందుకుని పూర్తిచేశాను. దిగాక కొందరు ఆ ఆగడం నటనే అనుకుని మెచ్చుకున్నారు. కాదని చెప్పాను. బహుమతి ఒక దుర్యోధనుడికి వెళ్లింది, బాగానే చేశాడు.

ఘట్టం 1848తో ఆగింది గాని జీవితం ఆగలేదు, అది ఇక్కడ పూర్తిచెయ్యాలి. ఆనకట్ట పూర్తయింది. 1851–52లో లెఫ్టినెంట్ హేగ్ గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా 49 తోరణాల అక్విడక్టు కట్టి కాలువను నదిని దాటించాడు. కాటన్ పట్టుదలతోనే కృష్ణ మీద బెజవాడ ఆనకట్టకూ అనుమతి వచ్చింది, దాన్ని ఆర్ కట్టాడు. అన్నీ విజయాలే కావు. కాటన్ వెనకనుండి ప్రోత్సహించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల నుంచి తవ్విన కర్నూలు-కడప కాలువ అనుకున్న రాబడి ఇవ్వలేదు. కంపెనీ నష్టపోయి 1882లో ప్రభుత్వానికి అమ్ముడుపోయింది. 1876–78 మహాకరువు నడుస్తుండగా, రైళ్లకు పోసే డబ్బు కాలువలకు పోస్తే జనం బతుకుతారని, నదుల్ని కలపాలని ఆయన వాదించాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు డెబ్భై అయిదేళ్ల వయసులో నిలబడి ప్రశ్నల వాన తట్టుకున్నాడు. కమిటీ ఆయన మాట మన్నించలేదు.

చివరి రోజులు డార్కింగ్ అనే ఊళ్లో గడిపాడు. అక్కడ పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి, ఎంత లోతు తవ్వితే ఎంత దిగుబడి వస్తుందో ప్రయోగాలు చేశాడు. ముసలితనంలో పలుగు, పార మాటలు మాట్లాడే మనిషి గురించి చదివినప్పుడు నాకు మా తాత కనిపించాడు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆయన కూతురు లేడీ హోప్ ఆయన జీవితచరిత్ర ప్రచురించింది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయింది, దానికి ఆయన పేరే పెట్టారు.

సెలవుల్లో ఇంటికెళ్లి ఇదంతా తాతకి చెప్పాను. బహుమతి రాలేదన్న మాట పట్టించుకోలేదు. దొర ఎవరితో చెప్పాడని అడిగాడు. వీరన్నతో అన్నాను. బాగానే ఉంది, మరి వీరన్న ఏమన్నాడు అని అడిగాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే వార్షికోత్సవానికి ఎవరైనా తమ్ముడు వీణెం వీరన్న వేషం కడితే బాగుంటుంది. ఆ ఖాళీ కుర్చీ ఆడిటోరియం వెనక గదిలోనే ఉంది. ఈసారి అందులో దొర కూర్చుంటాడు.