భయాన్నే ప్రశ్నించిన విద్యార్థి

పరీక్షలు దగ్గరపడితే మన బరంపురంలోనూ గంజాం పల్లెల్లోనూ కొందరు పిల్లలకు నిద్ర పట్టదు. ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది, చదివిందంతా మరిచిపోయినట్టు ఉంటుంది. భయపడవద్దని చెప్పి ఊరుకుంటాం. ఆ మాటతో భయం పోదని మనకూ తెలుసు. రమణ మహర్షి విద్యార్థి దశలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ మనకు పనికొస్తుంది.

ఆయన అసలు పేరు వెంకటరామన్. 1879 డిసెంబరు 30న తమిళదేశంలోని తిరుచ్చుళిలో పుట్టారు. 1892లో తండ్రి పోవడంతో మదురైలో పినతండ్రి ఇంట ఉంటూ అమెరికన్ మిషన్ హైస్కూలులో చదివారు. పుస్తకాల కన్నా ఆటల మీదే మక్కువ.

1896 జులైలో, పదహారేళ్ల వయసులో, మేడగదిలో ఒంటరిగా కూర్చున్న ఆయనను ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఆయన ఎవరినీ పిలవలేదు, భయం నుంచి పారిపోలేదు. శవంలా పడుకుని, చచ్చేది ఈ దేహమే కదా, మరి నేను అంటున్నది ఎవరు అని తనలోనే వెతికారు. భయం వదిలిపోయింది, మళ్లీ రాలేదు.

ఆ ఆగస్టు 29న ఇల్లు విడిచి, సెప్టెంబరు 1న అరుణాచలం చేరారు. 1950 ఏప్రిల్ 14న కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. 1907లో బొబ్బిలి ప్రాంతం వాడైన కావ్యకంఠ గణపతి ముని, ఎంత జపం చేసినా శాంతి దొరకక ఆయనను ఆశ్రయించారు. నేను అనే తలపు ఎక్కడ పుడుతోందో చూడమన్నదే ఆయనకు దొరికిన దారి. రమణ మహర్షి అనే పేరు పెట్టింది ఆ తెలుగు పండితుడే. మహర్షి కూడా తెలుగు నేర్చుకుని, ఉపదేశసారాన్ని మన భాషలోనూ రాశారు.

ఆయన ఈ విచారణను ఆత్మజ్ఞానం కోసం చెప్పారు, పరీక్షల కోసం కాదు. పిల్లలు ఇల్లు విడవాలనో, ఆయనలా పడుకోవాలనో మేము అనడం లేదు. మొదటి మెట్టు ఒక్కటి చాలు. తప్పిపోతానన్న తలపు వచ్చినప్పుడు, అది ఎవరికి వచ్చిందని బిడ్డను నెమ్మదిగా అడుగుదాం. నాకే అంటుంది బిడ్డ. ఆ తలపు రాకముందూ నువ్వున్నావు, పోయాకా ఉంటావని గుర్తుచేద్దాం. భయం వేరు, తాను వేరు అని తెలిస్తే పట్టు కొంత సడలుతుంది.

అయినా గుండెదడ, ఊపిరాడకపోవడం పదేపదే వస్తుంటే ఆలస్యం చేయకుండా బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించాలి. 14416కు ఫోన్ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు. బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం నామోషీ కాదు. భయాన్ని దాచిపెట్టకుండా దానికి ఎదురు నిలవడమే ఆ పదహారేళ్ల విద్యార్థి కూడా చేసింది.