నరం దగ్గరే నొప్పిని ఆపినవాడు

మొన్న సెలవుల్లో మా పిన్నికి బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేశారు. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే తను వార్డులో నడుస్తుంటే నేను నోరెళ్ళబెట్టాను. ఓర్చుకోగలిగేంత నొప్పే ఉందంది. మత్తు డాక్టరు గారిని అడిగితే చెప్పారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట కండరాల పొరల మధ్య, నరాలు వెళ్ళే చోట మందు ఎక్కించారట. దాన్ని ట్యాప్ బ్లాక్ అంటారు. బరువు ఎక్కువున్న వాళ్ళలో చాలామందికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. అలాంటివాళ్ళకి మార్ఫిన్ లాంటి మందులు ఎక్కువైతే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. అందుకే నరాన్ని ఆపి, ఆ మందుల్ని తగ్గిస్తారు.

ఈ ఐడియా మొదట ఎవరికి వచ్చిందా అని వెతికితే విలియం హాల్‌స్టెడ్ దొరికాడు.

1852లో న్యూయార్క్‌లో కలవారింట్లో పుట్టాడు. యేల్‌లో చదువు కన్నా ఫుట్‌బాల్ మీదే ధ్యాస, జట్టుకి కెప్టెన్ కూడా. మనలో చాలామంది లాంటివాడే అన్నమాట! మెడిసిన్‌లో చేరాక మాత్రం మారిపోయాడు. వేగం, ధైర్యం ఉన్న సర్జన్‌గా పేరొచ్చింది. 1882లో కన్నతల్లికే, వంటగది బల్ల మీద, పిత్తాశయం ఆపరేషన్ చేశాడు.

1884లో వియన్నా డాక్టర్ కార్ల్ కోలర్, కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టాడు. హాల్‌స్టెడ్ ఇంకో అడుగు ముందుకేశాడు. గదిలో ఒక్కో బల్బు తీసే బదులు మెయిన్ దగ్గరే స్విచ్ ఆపితే? నరం మొదట్లో మందు ఇస్తే అది వెళ్ళే భాగమంతా మొద్దుబారాలి కదా! దవడ నరం మీద, చేతి నరాల మీద చూశాడు. పని చేసింది.

కానీ ప్రయోగాలు తన మీద, తోటి డాక్టర్ల మీద, వైద్య విద్యార్థుల మీద చేశాడు. కొకైన్ అలవాటై వదలదని అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. 1885లో అతను రాసిన వ్యాసంలో మొదటి వాక్యమే ఎటు పోతోందో అర్థం కాదు. 1886లో ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేరాడు. కొకైన్ మాన్పించబోతే మార్ఫిన్ పట్టుకుంది. అది జీవితాంతం వదల్లేదు.

స్నేహితుడు విలియం వెల్చ్ అతన్ని బాల్టిమోర్ తీసుకెళ్ళాడు. అక్కడ జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కొత్త హాల్‌స్టెడ్ కనిపిస్తాడు. పాత వేగం లేదు, నెమ్మదిగా, కణజాలం నలగకుండా కోసే చెయ్యి. మందు నీళ్ళకి నర్సు కారొలైన్ హాంప్టన్ చేతులు పొక్కిపోతుంటే గుడ్‌ఇయర్ వాళ్ళ చేత పల్చటి రబ్బరు గ్లవ్స్ చేయించాడు. 1890లో ఆవిడనే పెళ్ళి చేసుకున్నాడు. సర్జన్లకి రెసిడెన్సీ శిక్షణ అమెరికాలో మొదలుపెట్టిందీ ఆయనే. 1922లో, పిత్తాశయ రాళ్ళ ఆపరేషన్ తర్వాత పోయాడు. ఆయన మార్ఫిన్ సంగతి సహోద్యోగి ఆస్లర్ రహస్యంగా రాసి పెట్టాడు. అది 1969లో గానీ బయటికి రాలేదు.

పిన్నికిచ్చింది కొకైన్ కాదు, ఎన్నో రెట్లు సురక్షితమైన మందు. ఐడియా మాత్రం ఆయనదే. మార్ఫిన్ తగ్గించే దారి చూపినవాడికి మార్ఫిన్ లేనిదే రోజు గడవలేదు.

నాకు ఇంకోటి కూడా గుర్తుండిపోయింది. ఆ ప్రయోగాలకి చెయ్యి చాపిన స్టూడెంట్స్ మన వయసువాళ్ళే. ఆ బృందంలో కొందరు మళ్ళీ కోలుకోలేదు. మా పిన్ని నడకలో వాళ్ళ బాకీ కూడా ఉంది.