బందరు చూసి, లండన్ చూసి: హైదరాబాదీ సిపాయి యూసుఫ్ ఖాన్ సఫర్‌నామా

ఉర్దూలో యూరప్ గురించి వచ్చిన మొట్టమొదటి సఫర్‌నామా ఎవరిది అని అడిగితే, ఢిల్లీవాళ్లదో లక్నోవాళ్లదో అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. అది రాసినాయన పుట్టింది హైదరాబాదులో. పేరు యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. కంబల్‌పోష్ అంటే కంబళి కప్పుకున్నవాడు. ఆయన నవాబు కాదు, జాగీర్దారు కాదు, పేరుమోసిన ఆలిమ్ కూడా కాదు. ఒక సిపాయి, అంతే.

1828లో యూసుఫ్ ఖాన్ సొంత ఊరు హైదరాబాదు వదిలి బయల్దేరారు. అజీమాబాద్, అంటే ఇప్పటి పట్నా చూశారు. ఢాకా చూశారు. మన మచిలీపట్నం చూశారు. అప్పట్లో ఉర్దూవాళ్లు దాన్ని మచ్లీ బందర్ అనేవారు. మద్రాసు, గోరఖ్‌పూర్, నేపాల్, ఆగ్రా, ఢిల్లీ కూడా తిరిగి చివరికి లక్నో చేరారు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే ఈ తిరుగుడంతా కాలినడకన, గుర్రాల మీద, బళ్లలో, పడవల్లో సాగిన కాలం నాటిది.

లక్నోలో అప్పుడు నసీరుద్దీన్ హైదర్ రాజ్యం. ఆయన ఫౌజులో యూసుఫ్ ఖాన్‌కు గుర్రపు రిసాలాలో కొలువు దొరికింది. మొదట జమాదార్, తర్వాత సుబేదార్. జీతం ఉంది, హోదా ఉంది. ఇంకొకరైతే అక్కడే స్థిరపడిపోయేవారు. కానీ ఈయన తీరిక దొరికినప్పుడల్లా ఇంగ్లీషు నేర్చుకున్నారు. చరిత్ర పుస్తకాలు చదివారు. చదివేకొద్దీ, ఇదంతా ఒక్కసారి కళ్లతో చూడాలన్న కోరిక పెరిగింది. 1836లో రెండేళ్లు సెలవు అడిగి తీసుకుని కలకత్తా వెళ్లారు.

1837 మార్చి 30న ఇసబెల్లా అనే ఓడ ఎక్కారు. ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కితే ఒక్క రోజులోపే లండన్‌లో దిగొచ్చు. ఆయనకు పట్టింది దాదాపు ఐదు నెలలు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో కదా, అప్పటికి ఆ దారే లేదు. ఓడ ఆఫ్రికా ఖండాన్ని మొత్తం చుట్టుకుని కేప్ మీదుగా పోవాల్సిందే. గాలి వీస్తే కదలాలి, వీయకపోతే ఆగాలి.

ఆ ఐదు నెలల్లో నేల మీద ఎంత మారిపోయిందో చూడండి. జూన్ 20న ఇంగ్లండ్ రాజు నాలుగో విలియం చనిపోయి, 18 ఏళ్ల విక్టోరియా రాణి అయ్యింది. జూలై 7న లక్నోలో, ఈయనకు సెలవిచ్చిన నసీరుద్దీన్ హైదర్ కూడా కన్నుమూశారు. యూసుఫ్ ఖాన్ ఓడ ఎక్కినప్పుడు ఇద్దరు రాజులూ బతికే ఉన్నారు. ఆగస్టులో లండన్ చేరేసరికి ఇద్దరూ లేరు. సముద్రం మీద ఉన్నవాడికి కబురు చెప్పేదెవరు?

అంతకుముందు ఇంగ్లండ్ చూసి రాసిన మనవాళ్లు లేకపోలేదు. బెంగాల్‌కు చెందిన ఇతిసాముద్దీన్, లక్నోలో పుట్టిన అబూ తాలిబ్ రాశారు. కానీ వాళ్లు రాసింది ఫారసీలో. యూసుఫ్ ఖాన్ కూడా తన ప్రయాణాన్ని ఫారసీలో రాసుకున్నారు, అయితే అక్కడితో ఆగలేదు. దాన్నే ఉర్దూలోకి తెచ్చారు. కంపెనీ ప్రభుత్వం కచేరీల్లోంచి ఫారసీని తప్పిస్తూ చట్టం చేసింది కూడా ఆ 1837లోనే. చదువుకున్నవాళ్ల భాషలో రాస్తే గౌరవం దక్కుతుంది. ఇంట్లో మాట్లాడే భాషలో రాస్తే ఇంట్లోవాళ్లకు అందుతుంది. ఆయన రెండో దాన్ని కూడా వదల్లేదు.

లండన్‌లో ఆయన ఏ దర్బారు తరఫునా రాయబారి కాదు. చూడ్డానికి వచ్చిన మనిషి. కాబట్టి గొప్ప కట్టడాలూ చూశారు, నాటకశాలలూ చూశారు, వీధుల్లో జనాన్నీ చూశారు. యంత్రాలు, అచ్చు పని, క్రమశిక్షణ ఆయన్ని ఆశ్చర్యపరిచాయి. మన పాలకుల సోమరితనం గుర్తొచ్చి బాధపడ్డారు. పారిస్ కూడా వెళ్లొచ్చారు. తను ఎక్కడ మోజుపడిందీ, ఎక్కడ మనసు జారిందీ దాచుకోలేదు. అవి చదివి నొసలు చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. కానీ తనను తాను పుణ్యాత్ముడిగా చూపించుకోకపోవడం వల్లే ఆ పుస్తకంలో బతికున్న మనిషి కనబడతాడు.

తిరుగు ప్రయాణం మధ్యధరా సముద్రం మీదుగా. మాల్టా, అలెగ్జాండ్రియా, కైరో చూసి, ఎడారి దాటి సూయజ్‌లో మళ్లీ ఓడ ఎక్కి 1838లో బొంబాయిలో దిగారు. అక్కణ్ణుంచి మళ్లీ లక్నో.

సఫర్‌నామా 1847లో ఢిల్లీలో అచ్చయింది. 1873లో లక్నోలోని నవల్ కిషోర్ ప్రెస్ దాన్ని అజాయిబాతె ఫరంగ్ పేరుతో మళ్లీ వేసింది. ఫరంగీల దేశపు వింతలు అని దానర్థం. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1983లో లాహోర్‌లో కొత్తగా అచ్చు వేశారు. 2014లో ముషీరుల్ హసన్, నిశాత్ జైదీ ఇంగ్లీషులోకి తెచ్చారు. యూసుఫ్ ఖాన్ గురించి ఈ రోజు తెలిసిందంతా దాదాపు ఆయన రాసుకున్న ఆ కాగితాల్లోంచే తెలిసింది. అవి అచ్చు కాకుండా ఏ సందూకులోనో ఉండిపోయి ఉంటే, హైదరాబాదు నుంచి అలాంటి మనిషి ఒకాయన వెళ్లాడన్న సంగతే మిగిలేది కాదు.

మన ఇళ్లల్లోనూ ఓడ ప్రయాణాలు చేసిన పెద్దలున్నారు. బొంబాయి నుంచి హాజీల ఓడలు 1995 దాకా నడిచాయి. ఆ ప్రయాణంలో నానా, దాదా ఉర్దూలో నాలుగు ముక్కలు రాసుకున్న నోటుపుస్తకం కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉండొచ్చు. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివిన మనవళ్లకు ఆ లిపి రాదు. చదవగలిగిన పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అలాంటిది ఇంట్లో ఉంటే పాత పేపర్లతో పాటు తూకానికి వేసేయకండి. చదవగలిగినవాళ్లు ఉండగానే పక్కన కూర్చుని చదివించుకోండి. విన్నది విన్నట్టు తెలుగులో రాసిపెట్టుకోండి.