సర్వే గొలుసు నుండి కాలువ గట్టు వరకు: క్లౌ దొరగారి జీవితము



బరంపురంలోను, గంజాం జిల్లాలోని ఇతర ఊళ్లలోను స్థిరపడిన మన తెలుగు బాప్టిస్టు కుటుంబాలలో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి పేరు వినని ఇల్లు ఉండదు. ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే ఆయన మిషనెరీ కాకముందు ఏ పని చేశారో, ఆ పని అమెరికా దేశాన్ని ఎలా మార్చిందో మనలో కొద్దిమందికే తెలుసు. పుట్టిన ఊరు విడిచి మరొక చోట బ్రతుకుతున్న మనం ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

క్లౌ గారు 1836 జూలై 16న న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొసన, ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర జన్మించారు. అంతకు 11 సంవత్సరాల క్రితమే, 1825లో, ఈరీ కాలువ పూర్తయింది. 363 మైళ్ల పొడవున్న ఆ కాలువ లోపలి సరస్సులను హడ్సన్ నది ద్వారా సముద్రంతో కలిపింది. బఫలో నుండి న్యూయార్కు రేవుకు టన్ను సరకు చేర్చడానికి సుమారు 100 డాలర్లు అయ్యే ఖర్చు 10 డాలర్లకు దిగిపోయింది. లోపలి భూముల గోధుమలు రేవుకు చేరాయి. తూర్పున భూమి చాలని కుటుంబాలు పడమటికి కదిలాయి. క్లౌ గారి తల్లిదండ్రులు కూడా ఆ జనంలో కలిసి మొదట ఇల్లినాయ్‌కి, తరువాత అయోవాకు వెళ్లారు.

గంజాం జిల్లా నుండి కూడా ఒకప్పుడు వేలమంది గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కి రంగూన్‌కు వెళ్లారు. వలస బాధ రెండు చోట్లా ఒక్కటే. ఫలితంలో మాత్రం తేడా ఉంది. మనవారికి వెళ్లిన చోట కూలి దొరికింది. అమెరికా వలసదారులలో అనేకులకు వెళ్లిన చోట భూమి దొరికింది.

ఆ భూమిని వారికి పంచిపెట్టింది సర్వే గొలుసు. 1785 నాటి చట్టం ప్రకారం పడమటి దేశమంతా ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరాలుగా కొలిచారు. ఒక్కొక్క చదరంలో 36 భాగాలు, ఒక్కొక్క భాగం 640 ఎకరాలు. అందులో 16వ భాగం బడి కోసం విడిచిపెట్టాలి. మిగిలినది ప్రభుత్వం అమ్మేది. చాలాకాలం కనీస ధర ఎకరానికి డాలరుంబావు. 1862లో వచ్చిన చట్టమైతే ఐదేళ్లు కాపురముండి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలు కేవలం దరఖాస్తు రుసుముకే ఇచ్చింది. కొలత లేకపోతే పట్టా లేదు, పట్టా లేకపోతే అప్పు పుట్టదు, అప్పు లేకపోతే నాగలి కదలదు. అందువల్ల సైన్యం కంటె, రైలు కంటె ముందుగా అనేక చోట్ల అడుగుపెట్టినవాడు సర్వేయరు.

క్లౌ గారు యౌవనంలోనే ఆ సర్వే బృందాలలో చేరి మిన్నెసోటా అడవులలోను గడ్డి మైదానాలలోను కొన్నేళ్లు పని చేశారు. గొలుసు లాగడం, గుర్తుకొయ్యలు పాతడం, నేల వాలు చూడడం, గుడారాలలో కూలివారిని నడిపించడం అక్కడే నేర్చుకున్నారు. 1850లో ఆ ప్రాంతంలో లెక్కకు వచ్చినవారు 6,077 మంది. 1860 నాటికి 1,72,023 మంది. పదేళ్లలో ఒక రాష్ట్రమే లేచింది.

ఆ లెక్కలో చేరనివారు కూడా ఉన్నారు. ఆ నేల డకోటా జనులది. 1851 ఒప్పందాలతో వారు సుమారు రెండున్నర కోట్ల ఎకరాలు వదులుకుని నది వెంట ఇరుకైన పట్టీలోకి చేరారు. ఇస్తామన్న డబ్బు ఆలస్యమై, ఆకలి పెరిగి, 1862లో యుద్ధం చెలరేగింది. ఆ డిసెంబరు 26న మాంకాటో పట్టణంలో 38 మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు మిగిలినవారిని రాష్ట్రం నుండి వెళ్లగొట్టారు. గొలుసు పట్టిన యువకుని మీద ఈ నేరం మోపడం మన ఉద్దేశము కాదు. కాని గొలుసు వెళ్లిన వెంట పాత హక్కుదారుల పేరు చెరిగిపోయిందన్నది చరిత్ర.

దక్షిణాన ఇదే పడమటి విస్తరణ ప్రత్తి చేలను, వాటితోపాటు బానిసత్వాన్ని కొత్త భూములకు తీసుకువెళ్లింది. బానిసలను ఉంచుకున్నవాడు మిషనెరీ కావచ్చునా అన్న ప్రశ్న మీద 1845లో అమెరికా బాప్టిస్టులే రెండుగా చీలిపోయారు. తెలుగు మిషను ఉత్తరాది వారి చేతిలో మిగిలింది.

ఆ మిషను పుట్టుకలో మన గంజాంకు భాగమున్నది. ఒరిస్సాలో పని చేసిన ఇంగ్లీషు బాప్టిస్టుల తొలి విశ్వాసి, 1827లో బరంపురంలో బాప్తిస్మము పొందిన ఎరన్ అనే తెలుగువాడు. ఆ మిషనెరీలలో ఒకరైన ఆమోస్ సటన్ గారు అమెరికాకు వెళ్లి, 1835లో తెలుగువారి కొరకు ఎవరినైనా పంపుమని అక్కడి బాప్టిస్టులను వేడుకున్నారు. ఆ పిలుపుకు 1836లో వచ్చిన శామ్యూల్ డే గారు మొదట విశాఖపట్నంలోను, పిమ్మట చికాకోలులోను కాపురమున్నారు. చికాకోలు, అనగా శ్రీకాకుళం, ఆనాడు గంజాం జిల్లాలోనిదే. 1840లో ఆయన నెల్లూరు చేరారు.

క్లౌ గారు వకీలు కావాలని అయోవాలో కాలేజీలో చేరి, అక్కడే విశ్వాసంలోకి వచ్చారు. 1862లో పట్టభద్రులై, 1864 చివర బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో స్థిరపడ్డారు. అదే సంవత్సరం ఒరిస్సాలోను గంజాంలోను ఘోరమైన కరువు వచ్చింది. ఒరిస్సాలో సుమారు పది లక్షల మంది మరణించారని అంచనా. ఒంగోలులో 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడింది. యెర్రగుంట్ల పేరయ్యగారి వంటి మాదిగ పెద్దలు ఊరూరా తమ బంధువులకు చెప్పగా ఆ సంఘము పెరిగింది. దొరగారు రాకముందే దారి వేసినవారు వారే.

1876లో వర్షాలు తప్పాయి. 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా కరువు. పని కల్పించడానికి ప్రభుత్వం తీరం వెంట కాలువ త్రవ్వించింది. అప్పటి గవర్నరు పేరున అది బకింగ్‌హాం కాలువ అయింది. ఆ త్రవ్వకం పెదగంజాం నుండి దక్షిణానికి సాగింది. ఆ పెదగంజాం నేటి బాపట్ల జిల్లాలోనిది, మన గంజాం కాదు. పేర్లు కలిసినందున పొరబడవద్దు.

క్లౌ గారు ఆ కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిన్నెసోటాలో నేర్చిన విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. తానే కొలిచి గుర్తులు పెట్టించారు. గట్టు దగ్గర పాకలు వేయించారు. తన బోధకులనే పనిమీద మేస్త్రీలుగా నిలిపారు. అంటరానివారని ఇతర చోట్ల ఎదురయ్యే తిట్లు లేకుండా మాదిగలు చేసిన పనికి తగిన కూలి తీసుకుని ప్రాణాలు దక్కించుకున్నారు.

కరువు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. తిండి కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని సుమారు 15 నెలలు అడిగినవారినందరినీ ఆగుమన్నారు. 1878లో సహాయం పంచడం ముగిసిన తరువాత కూడా జనం విడువలేదు. ఆ జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి వంతులవారీగా 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. దొరగారు ఒడ్డునుండి నడిపించారు.

ఇంతవరకు సంతోషమే. కాని కాలువ పూర్తయినప్పుడు దానిని త్రవ్వినవారు ఇళ్లకు తిరిగి వెళ్లింది భూమి లేనివారుగానే. అయోవాలో వలస కుటుంబానికి 160 ఎకరాలు కొలిచి ఇచ్చిన కాలంలోనే, ఒంగోలు ప్రాంతపు మాదిగ కుటుంబానికి తరతరాలుగా ఉన్న ఊరిలో చేరెడు నేల కూడా పట్టా కాలేదు. సంఘము వారికి బడి ఇచ్చింది, చదువు ఇచ్చింది, తలెత్తి నడిచే ధైర్యమిచ్చింది. నేల ఇవ్వలేకపోయింది. మనలో అనేకుల పెద్దలు చదువునో రెక్కల కష్టాన్నో నమ్ముకుని రైల్వే, మిల్లు, ఆసుపత్రి పనుల కోసం ఊరు విడవడానికి ఇదే మూలము.

క్లౌ గారు నలభై ఏళ్లకు పైగా తెలుగువారి మధ్య సేవ చేసి, 1910 నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. భార్య ఎమ్మా గారికి ఆయన చెప్పిన జీవితకథ 1914లో పుస్తకంగా వెలువడింది.

మిన్నెసోటాలో ఒక జనానికి ఆస్తిని, మరొక జనానికి వెళ్లగొట్టుబాటును తెచ్చిన కొలత విద్యే కాలువ గట్టున ఆకలిగొన్నవారికి అన్నమైంది. విద్యలో మంచి చెడ్డలు లేవు. అది ఎవరి పక్షాన నిలిచిందన్నదే ముఖ్యము. మన పిల్లలు ఈనాడు ఇంజనీర్లు, సర్వేయర్లు, అకౌంటెంట్లు అవుతున్నారు. గంజాంలో మనతోపాటు బ్రతుకుతున్న ఒడియా పేదవారికి, కొండ ప్రాంతాల ఆదివాసులకు వారి నేల ఇంకా వారిదిగా ఉండాలి. ఏ కాగితం మీద సంతకం చేసినా, ఏ గొలుసు పట్టినా, గుర్తుకొయ్య పాతే చోట అంతకుముందు ఎవరున్నారో ఒకసారి అడిగి తెలుసుకొమ్మని మన పిల్లలకు నేర్పుదాము.